తాగాక తగ్గిన బరువు

"పాలు తాగిన బిడ్డ పది గ్రాములు తగ్గడమేమిటి?"

కాటా మెకానిక్ ఈ ప్రశ్న అడగడం అది మూడోసారి. మొదటిసారి కాటానే అడిగాడు. రెండోసారి గోడని అడిగాడు. మూడోసారి మాత్రం పొరపాటున భార్య వైపు చూస్తూ అడిగాడు. అక్కడే వచ్చిపడింది తంటా.

"అంటే నా దగ్గర పాలు లేవంటారు. అంతేగా?" అంది టీచరమ్మ.

"నేనలా అన్నానా?"

"మీరు అనలేదు. మీ కాటా అంది."

మంచం పక్క బల్ల మీద, దుకాణాల్లో మేకులూ సబ్బుపొడీ తూచే కాటా ఒకటి. దాని పళ్లెంలో మెత్తటి తువ్వాలు. తువ్వాలు మీద ఆరు రోజుల పాప. ఇంకా పేరు పెట్టలేదు, అందరూ పిచ్చుక అంటున్నారు. పిచ్చుక గుప్పిళ్లు బిగించి ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోంది. ఎర్ర అంకెలు రెండు కిలోల ఎనిమిది వందల యాభై దగ్గర నిలబడ్డాయి. పాలకి ముందు అవే అంకెలు ఎనిమిది వందల అరవై చూపించాయి. నలభై నిమిషాలు తల్లి ఒళ్లో ఉండి వచ్చిన బిడ్డ తగ్గితే ఏ మొగుడికైనా మతిపోతుంది.

ఇందులో సరదా ఏమీ లేదు. పుట్టినప్పుడు మూడు కిలోల వంద ఉన్న పిల్ల నాలుగు రోజుల్లో మూడు వందల ఇరవై గ్రాములు తరిగింది. మొన్న ఇంటికొచ్చి చూసిన నర్సమ్మ మొహమాటం లేకుండా చెప్పి వెళ్లింది. "ఎల్లుండి సాయంత్రం నాలుగింటికి వస్తాను. బరువు పెరిగితే సరే. లేదంటే తల్లినీ బిడ్డనీ నాతో ఆస్పత్రికి తీసుకుపోతాను." ఆ ఎల్లుండి ఇవాళే. ఇప్పుడు తొమ్మిదిన్నర.

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను," అంది టీచరమ్మ తల్లి. ముప్పై ఏళ్లు ఆడపిల్లల హాస్టలుకి వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా గొంతు పోలేదు. కూతురి పురుడని వచ్చి నాలుగు రోజుల్లో ఈ ఇంటిని కూడా హాస్టలు చేసేసింది. "డబ్బాపాలు కలిపి సీసాతో పట్టండి. పంతాలకి పోయి పిల్ల కడుపు మాడ్చకండి."

"అమ్మా, నాకు పాలున్నాయి. బట్టలు తడిసిపోతున్నాయి, కనబడ్డం లేదా?"

"బట్టలు తడిస్తే బిడ్డ కడుపు నిండుతుందా? నీకు పాలున్నాయి సరే, అవి దాని నోట్లోకి పోవాలిగా. ఇంత ఒళ్లున్న దానికి ఆ పిచ్చుక నోరెక్కడ సరిపోతుంది?"

మెకానిక్ కాటా మీటని అకారణంగా నొక్కి చూశాడు. అంకెలు సున్నాలయ్యాయి.

ఒకరు మాత్రం ఇంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి ఒక్క ముక్కా మాట్లాడలేదు. మెకానిక్ తల్లి. వీధి చివర ఆవిడకి ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం ఉంది. మెడలో టేపు వేలాడుతూనే ఉంటుంది, అదేదో నగ అన్నట్టు. ఆవిడ చూపు కాటా మీద లేదు, కోడలి భుజాల మీద ఉంది.

"వదినగారూ," అంది వార్డెనమ్మతో, "మీరూ మావాడూ కాసేపు హాల్లో కూర్చోండి."

"ఎందుకు?"

"ఊరికే."

వార్డెనమ్మని ముప్పై ఏళ్లలో ఎవరూ గదిలోంచి బయటికి పంపలేదు. అలవాటు లేని పని కాబట్టి, ఏమనాలో తోచక నిజంగానే బయటికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ కూతురి భుజాల మీద శాలువా నిండుగా కప్పి మరీ వెళ్లింది.

తలుపు మూశాక అత్తగారు మంచం ఎదురుగా పీట వేసుకుంది. "ఏదీ, ఇందాక ఎలా పట్టావో అలాగే మళ్లీ పట్టు. నేను చూస్తాను."

"ఆస్పత్రిలో నేర్పినట్టే పడుతున్నాను అత్తయ్యా."

"ఎలా నేర్పారు?"

"బొమ్మతో చూపించారు."

"బొమ్మకేం కష్టం. నువ్వు చూపించు."

టీచరమ్మ మంచం అంచున కూర్చుని బిడ్డని ఒళ్లో పడుకోబెట్టుకుంది. శాలువా కింద ఒక చేత్తో రొమ్ముని ఎత్తి, తను పూర్తిగా ముందుకి వంగి, బిడ్డ నోటికి అందించింది. శాలువా కప్పి ఉంది కాబట్టి నోరెక్కడుందో తనకే కనబడదు. రొమ్ము బరువంతా పిచ్చుక గడ్డం మీద పడి దవడ కదలనివ్వడం లేదు. దొరికిన చనుమొన కొసని పెదాలతో నొక్కుకుని నాలుగు చప్పరింపులు చప్పరించి, జారిపోయి, గుక్కపట్టింది. టీచరమ్మ పెదవి కొరుక్కుంది. చనుమొన అప్పటికే పగిలి ఉంది.

"ప్రతిసారీ ఇంతేనా?"

"ఇంతే. ఏడుస్తుంది, నేనూ ఏడుస్తాను. ఆ తర్వాత ఆయన తూస్తారు." కళ్లు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. "మా స్కూల్లో నలభై మందికి లెక్కలు చెబుతాను అత్తయ్యా. ఒక్క పిల్లకి పాలు పట్టడం రావడం లేదు. ఏమీ అర్థం కావడం లేదు నాకు. పాలున్నాయి, ఆకలుంది, మధ్యలో ఏమవుతోందో తెలియడం లేదు."

"ముందు ఆ శాలువా తియ్యి."

టీచరమ్మ కదల్లేదు.

"తలుపు వేసే ఉంది."

"అలవాటు లేదు అత్తయ్యా. పదమూడో ఏట నుంచీ వీటిని దాచుకోవడమే నా పని. భుజాలు ముందుకి వంచి నడువు, పుస్తకాలు గుండెకి అడ్డం పెట్టుకో అని అమ్మ రోజూ చెప్పేది. హాస్టల్లో అందరికీ చెప్పేది, నాకు రెండింతలు చెప్పేది. ఇప్పుడు నిటారుగా కూర్చోమన్నా నాకు రాదు. సిగ్గేస్తుంది."

"నేను రోజుకి పాతికమందికి కొలతలు తీస్తాను. నా దగ్గర సిగ్గేమిటే పిచ్చిదానా. ఒకరికి సరిపోయిన కొలత ఇంకొకరికి సరిపోదు. నీకు బొమ్మ కొలత పెడితే ఎలా పడుతుంది?"

టీచరమ్మ ముక్కు చీదింది. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. శాలువా తీసి పక్కన పడేసింది.

"ఇప్పుడు చెప్పు. మిషన్ మీద ఎలా కుడతాం? గుడ్డని సూది కిందికి జరుపుతామా, మిషన్ని ఎత్తి గుడ్డ మీదకి వంచుతామా?"

"గుడ్డనే జరుపుతాం."

"మరి నువ్వు ఆరు రోజుల్నుంచీ మిషన్ని ఎత్తుతున్నావు."

ఆ తర్వాత అరగంట ఆ గదిలో జరిగింది కుట్టుపనికి ఏమాత్రం తక్కువ కాదు. అత్తగారు కోడలి వీపు వెనక రెండు దిళ్లు పెట్టి గోడకి ఆనించి నిటారుగా కూర్చోబెట్టింది. పక్కన ఇంకో రెండు దిళ్లు పేర్చింది. బిడ్డని ఒళ్లో అడ్డంగా కాకుండా, కాళ్లు తల్లి చంక కింద నుంచి వీపు వైపుకి పోయేలా పక్కన పడుకోబెట్టింది. చేతితువ్వాలు ఒకటి గట్టిగా చుట్టి రొమ్ము కింద ఒత్తు పెట్టింది. దాంతో కిందికి చూస్తున్న చనుమొన కాస్త ముందుకి చూసింది, బరువు మోసే పని చేతికి తప్పింది.

"వేళ్లు నల్లటి భాగానికి దూరంగా పెట్టు. అక్కడ నీ చెయ్యుంటే దాని నోటికి చోటేదీ?"

"నాకు దాని నోరు కనబడ్డం లేదు అత్తయ్యా. నా రొమ్మే అడ్డం."

అత్తగారు ఒక క్షణం ఆలోచించి, లేచి వెళ్లి చేతి అద్దం తెచ్చింది. వచ్చినవాళ్లకి వీపు వెనక కుట్టు చూపించడానికి దుకాణంలో వాడే అద్దం. పిచ్చుక ముఖం పక్కన పట్టుకుంది. టీచరమ్మ ఆరు రోజుల్లో మొదటిసారి, పాలు తాగడానికి తన కూతురు ఎంత అవస్థ పడుతోందో కళ్లారా చూసింది.

"అయ్యో," అంది మెల్లిగా.

మొదటిసారి పిచ్చుక నోరు పూర్తిగా తెరవకముందే తొందరపడి దగ్గరికి లాక్కుంది. నొప్పి పుట్టింది. "వేలు పెట్టి విడిపించు. లాగకు," అంది అత్తగారు. రెండోసారి తల వెనక నొక్కింది, పిచ్చుక కోపంగా వెనక్కి తోసుకుంది. "తల మీద కాదు, మెడ కింద పట్టుకో. నీ తల ఎవరైనా పళ్లెంలోకి అదిమితే నువ్వు తింటావా?"

మూడోసారి చనుమొన బిడ్డ ముక్కుకి ఎదురుగా ఉంచి, పెదవికి తగిలించి ఆగింది. ఆగడం కష్టంగా ఉంది. పిచ్చుక వాసన చూసింది, తల వెనక్కి వాల్చింది, ఆవులింత వచ్చినప్పుడు తెరిచినంత నోరు తెరిచింది.

"ఇప్పుడు," అంది అత్తగారు.

గడ్డం ముందు తగిలింది. ఆ తర్వాత నల్లటి భాగం సగానికి పైగా ఆ చిన్న నోట్లోకి వెళ్లిపోయింది. టీచరమ్మ నొప్పి కోసం కళ్లు మూసుకుని కూర్చుంది. నొప్పి రాలేదు. దవడ చెవి దాకా కదులుతోంది. నాలుగు లాగుళ్లకి ఒక గుటక, తర్వాత రెండింటికి ఒక గుటక. గుటక పడ్డప్పుడల్లా చిన్న చప్పుడు.

"అది మింగుతున్న చప్పుడేనా అత్తయ్యా?"

"మాట్లాడకు. అద్దంలో చూడు."

టీచరమ్మ చూసింది. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలని అనుకోలేదు కూడా. చాలా సంతోషంగా ఉంది. ఇరవై నిమిషాల తర్వాత పిచ్చుక తనంతట తానే వదిలేసి, గుప్పిళ్లు విప్పి, నోరు తెరుచుకుని నిద్రపోయింది.

మెకానిక్‌ని పిలిచారు. పట్టే ముందు మళ్లీ తూచలేదని, పాత అంకె లెక్కలోకి రాదని అతను గింజుకున్నాడు. మధ్యాహ్నం మళ్లీ పట్టేటప్పుడు ముందే తూస్తానని పట్టుబట్టి, ఒంటిగంటకి తూచాడు. రెండు కిలోల ఎనిమిది వందల నలభై. అత్తాకోడళ్లు దిళ్లూ తువ్వాలూ అద్దంతో మళ్లీ కూర్చున్నారు. ఈసారి రెండో ప్రయత్నానికే కుదిరింది. పట్టడం అయ్యాక మెకానిక్ కాటా సర్దుకుంటుండగా వార్డెనమ్మ గబగబా వచ్చి, పిచ్చుక నడుముకి చుట్టిన గుడ్డ విప్పబోయింది.

"ఆగండి అత్తయ్యగారూ. ఏం చేస్తున్నారు?"

"తడిపింది. పొడిది కడుతున్నాను."

"పొద్దున కూడా కట్టారా?"

"కట్టకుండా? తడిగుడ్డతో పిల్లని ఉంచుతామా?"

"మొదటి తూకానికీ రెండో తూకానికీ మధ్యలోనా?"

"అది నాకేం తెలుసు. తడిస్తే మారుస్తాను. హాస్టల్లో ముప్పై ఏళ్లు ఒక్క పక్క తడిగా ఉండనివ్వలేదు నేను."

మెకానిక్ అలాగే కుర్చీలో కూలబడ్డాడు. ఖాళీ పళ్లెం బరువు తీశారా, సంచీ బరువు తీశారా అని వ్యాపారుల్ని నిలబెట్టి పాఠాలు చెప్పే మనిషి. సొంత ఇంట్లో తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి కూతుర్ని తూచి, రెండు రోజులు పెళ్లాం ప్రాణం తీశాడు.

"ఆ గుడ్డ విప్పకండి. అలాగే పెట్టండి," అన్నాడు నీరసంగా.

పెట్టారు. రెండు కిలోల ఎనిమిది వందల తొంభై. అంటే యాభై గ్రాముల పాలు. మెకానిక్ మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాడు. మూడుసార్లూ తొంభయ్యే. "క్షమించు," అన్నాడు భార్యతో. టీచరమ్మ అత్తగారి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నాలుగింటికి నర్సమ్మ వచ్చింది. తన సంచిలోంచి కొక్కెం తక్కెడ తీసి, పిచ్చుక ఒంటి మీద నూలుపోగు లేకుండా తూచింది. పుస్తకం తిరగేసింది.

"మొన్న రెండు ఏడు వందల ఎనభై. ఇవాళ రెండు ఎనిమిది వందల యాభై. డెబ్బై పెరిగింది. ఫర్వాలేదే." కలం మూత తీసింది. "పైపాలు ఏమైనా పట్టారా?"

"లేదండీ. నా పాలే," అంది టీచరమ్మ. ఆరు రోజుల తర్వాత ఆమె గొంతులో కాస్త గర్వం వినిపించింది.

"పట్టాను," అంది అత్తగారు.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. మెకానిక్ అయితే తల్లి ఏదో వేరే సంగతి మాట్లాడుతోందనుకున్నాడు.

"ఏమిటి పట్టింది అత్తయ్యా?"

"డబ్బాపాలు. చెంచాతో." ఆవిడ మెడలో టేపుని వేలికి చుట్టుకుంటోంది. "మొన్న నర్సమ్మగారు ఆస్పత్రి మాట అని వెళ్లాక భయమేసింది. ఆ సాయంత్రం నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు ఒకసారి. నిన్న తెల్లవారుజామున నువ్వు నిద్రలో ఉన్నప్పుడు ఒకసారి, సాయంత్రం ఒకసారి. పిల్ల వాలిపోతుంటే చూడలేకపోయాను. నీతో చెబితే నీ మనసు విరిగిపోతుందని చెప్పలేదు."

టీచరమ్మ అత్తగారి చేతుల వైపు చూసింది. ఆ చేతులే కదా పొద్దున దిళ్లు సర్దింది. ఆ మనిషే కదా సిగ్గేమిటే అంది. ఆమెకి కోపం వచ్చింది, ఆ కోపం కింద ఇంకేదో ఉంది, అదేమిటో ఆమెకే అంతుపట్టలేదు.

"పట్టడం తప్పు కాదమ్మా," అంది నర్సమ్మ. "బిడ్డ తరిగిపోతుంటే ఒక్కోసారి నేనే పట్టమంటాను. చెప్పకుండా పట్టడం తప్పు. ఇప్పుడీ డెబ్బైలో తల్లివెన్నో, డబ్బావెన్నో నాకెలా తెలియాలి?"

"మధ్యాహ్నం నా కాటాలో యాభై పెరిగిందండీ," అన్నాడు మెకానిక్.

"పొద్దున అదే కాటాలో పది తగ్గిందని ఇందాక మీరే చెప్పారు."

మెకానిక్ తడిగుడ్డ సంగతి ఎత్తబోయి, వార్డెనమ్మ వైపు చూసి కాటా పళ్లెం తుడవసాగాడు.

"ఇవాళ కూడా పట్టారా?" టీచరమ్మ అడిగింది. అత్తయ్యా అని పిలవకుండా అడిగింది. అది అందరికీ వినిపించింది.

"లేదమ్మా. ఇవాళ పట్టలేదు."

"పట్టారు," అంది వార్డెనమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"పొద్దున ఆరింటికి నేను మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. ఈవిడగారు గిన్నె, చెంచా పట్టుకుని నిలబడి ఉన్నారు. డబ్బా మూత తీసి ఉంది. పిల్ల భుజం మీద ఉంది."

"మూత తీశాను వదినగారూ. కలపలేదు. ఇవాళ నర్సమ్మ వస్తుంది, కోడలి పాలెంతో తేలాలిగా అనిపించి మళ్లీ మూత పెట్టేశాను. మీరు చూసింది గిన్నె కడిగి పెడుతున్నప్పుడు."

"నా కళ్లు నన్ను మోసం చేశాయంటారా?"

"చూశావు సరే. నాకెందుకు చెప్పలేదు?" టీచరమ్మ తల్లిని అడిగింది.

వార్డెనమ్మ కొంగు సర్దుకుంది. "ఎలాగైతేనేం, దాని కడుపులో పడుతోందిగా అనుకున్నాను."

టీచరమ్మ ఒకసారి ఈవిడ వైపు, ఒకసారి ఆవిడ వైపు చూసింది. సీసాతో పట్టమని రోజూ పోరు పెట్టిన మనిషి ఒకరు. నోరు మెదపకుండా పట్టేసిన మనిషి ఒకరు. ఎవరి మాట నమ్మాలో, ఎవరి మీద అరవాలో తెలియలేదు. తను పొద్దున విన్న గుటకలైనా నిజమేనా అని అనుమానం వచ్చింది.

ఇంతలో పిచ్చుక కదిలింది. పెదాలు చప్పరించి, గుప్పిలి నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఆకలి," అంది నర్సమ్మ. "వ్యాను కింద ఆగి ఉంది. ఇప్పుడు బిడ్డ నోటితో సరిగ్గా పట్టుకుని గుటకలు వేస్తే ఇక్కడే ఉంచుతాను, రేపు మళ్లీ వస్తాను. లేదంటే బట్టలు సర్దుకోండి, వెళ్దాం. నాకు బరువు కంటే ఇదే ముఖ్యం."

అత్తగారు అలవాటుగా దిండు అందుకుంది. వార్డెనమ్మ శాలువా అందుకుంది. ఇద్దరూ ఒక్కసారే మంచం దగ్గరికి వచ్చి ఆగారు.

"ఎవరూ వద్దు," అంది టీచరమ్మ.

"ఒక్కదానివి ఎలా పట్టిస్తావే? అద్దమెవరు పట్టుకుంటారు?" అంది అత్తగారు.

"బయటికి వెళ్లండి. అందరూ. మీరు కూడా నర్సమ్మగారూ. గుటకలే ముఖ్యమన్నారుగా, తలుపు దగ్గర నిలబడి వినండి."

నర్సమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "పావుగంట. గడియ పెట్టకు. ఆ తర్వాత నేను లోపలికొస్తాను," అని బయటికి నడిచింది. మెకానిక్ కాటా ఎత్తుకుని వెళ్లాలా, వదిలేసి వెళ్లాలా తెలియక దాన్ని పట్టుకునే వెళ్లాడు. తలుపు మూసుకుంది.

బయట నలుగురూ నిలబడ్డారు. లోపల దిండు జరిపిన చప్పుడైంది. మంచం కిర్రుమంది. పిచ్చుక ఏడుపు మొదలైంది, హెచ్చింది, గుక్కపట్టింది. "రా, రా తల్లీ, నోరు తెరువు," అంటున్న టీచరమ్మ గొంతు ఒకసారి వినిపించింది. ఏడుపులో కలిసిపోయి మళ్లీ వినిపించలేదు. అత్తగారు తలుపు మీద చెయ్యి వేసింది. వార్డెనమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది.

రొమ్ము అందుకుని ఆగిందో, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఆగిందో, ఆ తలుపుకి చెవి ఆనించిన నలుగురిలో ఒక్కరికీ తెలియలేదు.